ఐదేళ్ళు చాలన్న పిల్లలకు

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు, తాత ఆశీర్వదించి రాయునది.

సెలవులకు వచ్చినప్పుడు లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం కదా, అప్పుడు మీలో పెద్దోడు ఒక మాటన్నాడు. "ఈ దేశానికి ఒక డిక్టేటర్ రావాల తాతా. ఐదేళ్ళు చాలు, అంతా సెట్ అయిపోతుంది." మిగతావాళ్ళంతా అవునంటే అవునన్నారు. ఆటో డ్రైవరు కూడా తలూపాడు. ఆ హారన్ల రొదలో రెండు ముక్కలు చెప్పి వదిలేసే విషయం కాదని అప్పుడు ఊరుకున్నాను. హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, మీకు చెప్పకుండా ఉండలేను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీ కోపం న్యాయమైనదే. రోడ్డు బాగుండాలి, ఆఫీసులో పని త్వరగా అవ్వాలి, లంచం అడిగినవాడికి శిక్ష పడాలి. ఇవి అడగడంలో తప్పేముంది? నియంతల్ని నెత్తికెత్తుకున్న జనంలో చాలామంది అడిగిందీ ఇవే.

మీరు ఐదేళ్ళన్నారు. పాత రోమ్‌వాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు, ఆరు నెలలే అన్నారు. రాజుల్ని వెళ్ళగొట్టాక వాళ్ళు ఏటా ఇద్దరు కాన్సల్స్‌ను, అంటే పాలించే పెద్దల్ని, ఎన్నుకునేవారు. యుద్ధం మీదికొచ్చి, ఇద్దరితో పని సాగదనుకున్నప్పుడు మాత్రం అధికారమంతా ఒక్కడికి అప్పజెప్పేవారు. నియంత అనేది అప్పుడు చట్టంలో ఉన్న పదవి. గడువు దాటితే దిగిపోవాల్సిందే. సిన్సినాటస్ అనే ఆయన్ని పొలం దున్నుతుంటే పిలుచుకొచ్చారనీ, శత్రువును ఓడించి పదహారో రోజుకల్లా పదవి వదిలేసి మళ్ళీ నాగలి పట్టాడనీ రోమన్లు తరతరాలుగా చెప్పుకున్నారు. చాలాకాలం ఆ ఏర్పాటు బాగానే నడిచింది. క్రీ.పూ. 82లో సుల్లా అనే సేనాపతి తన సైన్యంతో నగరంలోకొచ్చి గడువు లేని నియంత అయ్యాడు. తనకు గిట్టనివాళ్ళ పేర్లు రాయించి నలుగురూ చూసేచోట పెట్టించాడు. ఆ జాబితాలో ఉన్నవాణ్ణి ఎవరు చంపినా బహుమానమే. కొన్నేళ్ళకు తనే దిగిపోయాడు గానీ, గడువు చెరిపేయొచ్చని అందరికీ చూపించేశాడు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ జీవితాంతం నియంతగా ఉంటానన్నాడు. అదే ఏడాది మార్చి 15న సెనేట్ సభలోనే పొడిచి చంపారు. సీజర్ పోయాడు, పాత గణతంత్రం మాత్రం తిరిగి రాలేదు.

జర్మనీవాళ్ళ గడువు నాలుగేళ్ళు. ఈ సంగతి కాస్త నిదానంగా చదవండి.

హిట్లర్ ట్యాంకులతో వచ్చి కుర్చీ లాక్కున్నాడని చాలామంది అనుకుంటారు. కాదు. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పిలిచి ఛాన్సలర్‌ను చేశాడు. అంతకుముందు ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి వచ్చినవి నూటికి 33 ఓట్లు. ఇతన్ని ముందు పెట్టి వెనక నుంచి మనమే ఆడిద్దాం అనుకున్నారు అక్కడి పెద్దమనుషులు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఎమర్జెన్సీ ఆర్డరు. పత్రికల స్వేచ్ఛ పోయింది, సభలు పెట్టుకునే హక్కు పోయింది, కోర్టు గడప తొక్కించకుండానే ఎవరినైనా లోపలేయొచ్చు. యుద్ధంలో ఓడిపోయేదాకా ఆ ఆర్డరు అమల్లోనే ఉంది.

మార్చి 23న క్రోల్ ఒపేరా హౌస్‌లో పార్లమెంటు కూడింది. మంత్రివర్గం నాలుగేళ్ళపాటు పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసుకోవచ్చు, అవి రాజ్యాంగానికి అడ్డంగా ఉన్నా సరే. ఇదీ ఆ రోజు పెట్టిన బిల్లు. కమ్యూనిస్టు సభ్యుల్ని సభలోకే రానివ్వలేదు. గోడల పొడుగునా హిట్లర్ పార్టీ దండు యూనిఫారాలు వేసుకుని నిలబడింది. వాళ్ళ మధ్యన లేచి, మేము దీనికి ఒప్పుకోమని చెప్పింది సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఓటో వెల్స్. అనుకూలంగా 444 ఓట్లు, వ్యతిరేకంగా 94. ఆ 94 ఓట్లూ ఆయన పార్టీవే. ఆ 444లో హిట్లర్ అంటే ఇష్టంలేనివాళ్ళు ఎందరో ఉన్నారు. భయపడి కొందరు వేశారు, తమకిచ్చిన హామీలు నమ్మి కొందరు వేశారు. జూలై నెల దాటక ముందే దేశంలో ఒక్క పార్టీ తప్ప ఏదీ మిగల్లేదు. నాలుగేళ్ళ చట్టాన్ని పొడిగించుకుంటూ పోయారు. ఆ లోపల ప్రపంచ యుద్ధం, 60 లక్షలమంది యూదుల హత్య. హిట్లర్ గురించి చదివినదానికన్నా ఆ 444 మంది గురించి ఆలోచించినప్పుడే నాకు ఎక్కువ బాధేస్తుంది. ఆ ఓట్లేసింది చదువుకున్నవాళ్ళు, చట్టం తెలిసినవాళ్ళు.

మన రాజ్యాంగం రాసినవాళ్ళకు ఇదంతా కళ్ళముందు జరిగిన సంగతి. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా ఆ రాజ్యాంగసభలో ఉన్నారు, తర్వాత లోక్‌సభ స్పీకర్ కూడా అయ్యారు. ఈసారి పద్మావతమ్మ గుడికి పోయినప్పుడు ఆయన్ని తలుచుకోండి. ఎమర్జెన్సీ అధికారాల మీద చర్చ వచ్చినప్పుడు ఆ సభలోనే సభ్యుడైన హెచ్.వి. కామత్ ఆ జర్మనీ రాజ్యాంగాన్నే చూపించి గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఇక 1949 నవంబరు 25న అంబేడ్కర్ అన్నమాట మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చు, రాజకీయాల్లో భక్తి మాత్రం పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి అన్నారాయన.

భక్తి అంటే ఏమిటో తిరుపతివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలిపిరి దగ్గర రోజూ చూస్తుంటాం. మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళు, తలనీలాలిచ్చి గుండుతో నవ్వుతూ దిగొచ్చేవాళ్ళు, కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చుని రెప్పపాటు దర్శనానికే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నేనూ అలా పెట్టుకున్నవాణ్ణే. స్వామిని ఎవరూ లెక్కలు అడగరు. అదే శరణాగతిని ఓటు అడగడానికి గుమ్మంలోకొచ్చిన మనిషికి ఇచ్చేస్తే, రేపు అతను తప్పు చేసినప్పుడు చెప్పే నోరు మనకుండదు. కటౌట్లకు పాలాభిషేకాలు చేయడం చూసినప్పుడల్లా నాకు అంబేడ్కర్ మాటే గుర్తొస్తుంది. ఏ పార్టీవాళ్ళయినా సరే.

నియంత ఉంటే పనులు చకచకా అవుతాయి అన్నారు కదా. అవుతాయి. ఏ పని అయిందో, దానివల్ల ఎవరేమయ్యారో మాత్రం నిజం పైకి పోదు. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం జనాభా లెక్కలు. సోవియట్ యూనియన్ జనాభా 16 కోట్ల 80 లక్షలని స్టాలిన్ 1934లోనే పార్టీ మహాసభలో చెప్పేశాడు. 1937 జనవరిలో నిజంగా లెక్కపెడితే 16 కోట్ల 20 లక్షలే తేలింది. మరి మిగతావాళ్ళేరీ? 1932-33లో రైతుల ఇళ్ళలో గింజ మిగలకుండా ఊడ్చుకుపోతే ఉక్రెయిన్‌లో, కజక్‌స్థాన్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. అసలు కరువే రాలేదని ప్రభుత్వం అంటోంది కాబట్టి, లెక్కే తప్పని తేల్చారు. ఫలితాలు రద్దుచేశారు. లెక్క తీయించిన పెద్ద అధికారుల్ని అరెస్టు చేసి కొందరిని కాల్చేశారు. ఇంకో సంగతుంది. ఆ లెక్కల్లో మతం గురించి కూడా అడిగారు. దేవుడు లేడని ఇరవై ఏళ్ళుగా ప్రభుత్వమే చెబుతున్న దేశంలో, సగానికి పైగా పెద్దవాళ్ళు నమ్ముతామనే రాయించారు. అదీ తొక్కిపెట్టారు. 1939లో మళ్ళీ లెక్క తీసి 17 కోట్లన్నారు. ఈసారి ఎంత రావాలో తీసేవాళ్ళకు ముందే తెలుసు.

టీచరుగా నేనూ సెన్సస్ డ్యూటీ చేశాను. ఫారాల సంచీ భుజాన వేసుకుని గడప గడపకూ తిరిగి, ఇంట్లో ఎంతమందుంటే అంతమందిని రాసిచ్చాను. తక్కువ రాశావని గానీ ఎక్కువ రాశావని గానీ నన్నెవరూ అడగలేదు. ఉన్నది ఉన్నట్టు లెక్కగట్టినందుకు తుపాకీ ముందు నిలబడినవాళ్ళ గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చైనాలోనూ అంతే. 1958లో అక్కడి నాయకుడు మావో, ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచేద్దామని 'గొప్ప ముందంజ' అనే కార్యక్రమం మొదలుపెట్టాక, కిందివాళ్ళు భయంతో పండనిదాన్ని పండిందని రాశారు. వరికంకుల మీద పిల్లలు నిలబడ్డట్టు పత్రికలో ఫొటో వేశారు. నాలుగు చేలలోని పైరు పీకి ఒకే మడిలో గుచ్చితే వచ్చిన పంట అది. ఆ దొంగ లెక్కల ప్రకారం ప్రభుత్వం తన వాటా గింజలు తీసుకుపోయింది. 1959లో ధాన్యం ఎగుమతులు కూడా ఆగలేదు. ఇలా నడవదని ఉత్తరం రాసిన రక్షణమంత్రి పెంగ్ దెహువై పదవి పోగొట్టుకున్నాడు. చనిపోయినవాళ్ళు కోట్లలో ఉన్నారు. పత్రికలు, ఎన్నికలు సరిగ్గా పనిచేసే దేశంలో పెద్ద కరువు రాలేదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చెప్పింది ఇలాంటివన్నీ చూసే.

మన దగ్గరా 21 నెలలు ఆ గాలి వీచింది. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరా గాంధీ సలహా మీద రాష్ట్రపతి ఎమర్జెన్సీకి సంతకం పెట్టారు. మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. ఢిల్లీలో పత్రికలు అచ్చు కాకుండా కరెంటు తీసేశారు. విచారణ లేకుండా లక్షమందికి పైగా జైళ్ళలో పడ్డారు. నేనప్పుడు తిరుపతిలో కాలేజీ కుర్రాణ్ణి. ఇక్కడ బస్సులు టైముకొస్తున్నాయని, ఆఫీసుల్లో జనం సీట్లలో ఉంటున్నారని టీ కొట్ల దగ్గర మెచ్చుకునేవాళ్ళు. పేపరు నిండా మంచి వార్తలే. ఉత్తరాదిలో టీచర్లకు కోటాలు పెట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మనుషుల్ని తేకపోతే జీతం ఆపుతామన్నారని మాకెలా తెలుస్తుంది? 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. బతికే హక్కు కోసం కూడా ఆ సమయంలో కోర్టుకు రాకూడదని సుప్రీంకోర్టు నలుగురు జడ్జీలు తీర్పిస్తే, కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రావాల్సింది, తన తర్వాతి జడ్జికి పోయింది. ఆయన రాజీనామా చేశారు.

1977 మార్చిలో ఎన్నికలు పెడితే ఇందిరా గాంధీ స్వయంగా ఓడిపోయారు. మన రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 41 ఆమె పార్టీకే వచ్చాయి. మనవాళ్ళు తెలివితక్కువవాళ్ళని కాదు. తెలియనివ్వలేదు. మరుసటి ఏడాది 44వ సవరణతో ఎమర్జెన్సీని గట్టిగా కట్టడి చేశారు. మంత్రివర్గం రాతపూర్వకంగా అడగాలి, బతికే హక్కును ఎప్పుడూ ఆపకూడదు, ఆరు నెలలకోసారి పార్లమెంటు మళ్ళీ ఒప్పుకోవాలి. రోమ్‌వాళ్ళ ఆరు నెలలే మళ్ళీ వచ్చాయి చూడండి, ఈసారి గడువును చూసుకునే కాపలాతో సహా.

సింగపూర్, దక్షిణ కొరియా బాగుపడలేదా అని చిన్నపాప మొన్న ఫోన్‌లో అడిగింది. మంచి ప్రశ్న. లీ క్వాన్ యూ 31 ఏళ్ళు ప్రధానిగా ఉన్నాడు, సింగపూర్‌ను నిజంగానే నిలబెట్టాడు. ఎదురు మాట్లాడినవాళ్ళలో కొందరు విచారణ లేకుండా ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారన్నదీ నిజమే. అక్కడ ఎన్నికలు మాత్రం ఆగలేదు. కొరియాలో పార్క్ చుంగ్ హీ 1961లో సైన్యంతో వచ్చాడు. ఫ్యాక్టరీలు లేచాయి, ఎగుమతులు పెరిగాయి. దింపే దారి లేకుండా చేసుకున్నాడు కాబట్టి, 1979 అక్టోబరు 26న ఆయన గూఢచారి శాఖ అధిపతే భోజనాల దగ్గర కాల్చి చంపాడు. వెంటనే ఇంకో జనరల్ దిగాడు. 1980లో గ్వాంగ్జులో ఎదురు తిరిగిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. 1987లో లక్షలమంది రోడ్ల మీదికొచ్చాకే అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు దొరికింది.

అదే కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనబడి సైనిక శాసనం ప్రకటించాడు. సైన్యం పార్లమెంటును చుట్టుముట్టింది. జనం అర్ధరాత్రి చలిలో గేట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. సభ్యులు గోడలు దూకి లోపలికి పోయారు, స్పీకర్ కూడా అలాగే పోయాడు. సభలోకి చేరుకోగలిగినవాళ్ళు 190 మంది. ఆ 190 మందీ సైనిక శాసనం వద్దనే ఓటేశారు. తెల్లారేసరికి అది రద్దయిపోయింది. నాలుగు నెలలకు రాజ్యాంగ న్యాయస్థానం యూన్‌ను పదవిలోంచే తీసేసింది.

దసరాకు వచ్చేటప్పుడు మీ ప్రశ్నలు రాసుకుని తీసుకురండి.

ఆశీస్సులతో,
మీ తాత