కౌంటర్ మీది కంప్యూటర్ ఎవరిది?

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒకామె మూడుసార్లు మా దుకాణానికి వచ్చింది. కొడుకు స్కాలర్‌షిప్ ఫారం మేమే నింపాం. "అందరికీ మెసేజ్‌లు వచ్చినయట బిడ్డా, మాకే రాలే" అన్నది. మొదటి రెండుసార్లు "వస్తదమ్మా, కొంచెం ఆగు" అని పంపించాను. మూడోసారి ఫారం తెరిచి గడి గడీ చూశాను. పేరు సరిగ్గానే ఉంది. ఆధార్ చివరి నాలుగంకెలు సరిపోయాయి. బ్యాంకు ఖాతా కూడా సరిపోయింది. మొబైల్ నంబర్ గడిలో మాత్రం ఉన్నది ఆమె నంబర్ కాదు, ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఇంకో పిల్లవాడిది.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. మా దగ్గర పనిచేసే కుర్రాడు పేరు గడిలో మొదటి అక్షరం కొట్టగానే, పాత వివరాలతో కింద చిన్న పెట్టె తెరుచుకుంది. చూడకుండా దాని మీద నొక్కాడు. పేరు, చిరునామా, ఫోన్ నంబర్ మూడూ ఒకేసారి పడ్డాయి. పేరు తుడిచి కొత్తది కొట్టాడు, చిరునామా మార్చాడు. నంబర్ ఎక్కడో కింద, స్క్రీన్ అంచుకు ఉంది. కంటికి ఆనలేదు.

హన్మకొండ నయీంనగర్‌లో మాది ఆన్‌లైన్ సెంటర్. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. కొంచెం ముందుకు పోతే కాకతీయ యూనివర్సిటీ. అడ్మిషన్ల రోజుల్లో ఇంజినీరింగ్‌కు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, డిగ్రీ సీట్లకు దోస్త్, స్కాలర్‌షిప్పులు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, నిజమే. కానీ పదుల కొద్దీ కాలేజీలను వరుసలో పెట్టి, మార్చి, మళ్లీ పెట్టి, సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఎక్కించి, ప్రింట్ తీసుకోవాలంటే పెద్ద స్క్రీనే కావాలి. అందుకని మా రెండు సిస్టమ్‌ల ముందు సీజన్‌లో రోజుకు వందమంది దాకా కూర్చుంటారు. సైట్లు తెరిచే బ్రౌజర్‌కు మాత్రం ఈ వందమందీ ఒక్క మనిషే. ముప్పై ఏళ్లుగా అందులో వచ్చిన కొత్త సదుపాయాల్లో చాలావాటిని కంప్యూటర్‌కు ఒక్కడే యజమాని అన్న లెక్కతో తయారుచేశారు. మా బాధలు మొదలైంది అక్కడే.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. హన్మకొండలో నెట్ సెంటర్లు పెరిగింది ఆ తర్వాతే. ప్లైవుడ్ అడ్డుగోడలు, గంటకు ఇంత అని రేటు, విండోస్ 98, అందులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. యూనివర్సిటీ పిల్లలు, 2002లో ఎన్ఐటీ అయిన ఇంజినీరింగ్ కాలేజీ ఆర్ఈసీ పిల్లలు మెయిల్ చూసుకోవడానికి వచ్చేవాళ్లు. కొట్టింది గుర్తుపెట్టుకుని మళ్లీ చూపించే పద్ధతి ఆ బ్రౌజర్‌లోకి 1999లో, ఐదో వెర్షన్‌తో వచ్చింది. ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్నవాడికి అది వరమే. నెట్ సెంటర్‌లో మాత్రం లాగిన్ గడిలో ఒక్క అక్షరం కొడితే చాలు, పొద్దుటి నుంచి వచ్చినవాళ్ల ఐడీలన్నీ వరసగా కిందికి దిగేవి. తెలివైన ఓనర్లు రాత్రి షట్టర్ దించే ముందు ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోకి పోయి అన్నీ తుడిచేసేవాళ్లు. తెలియనివాళ్లవి అలాగే ఉండిపోయేవి.

ఆ రోజుల్లోనే ఇంకోరకం పని కూడా చేసేవాళ్లం. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన కొత్తలో యూనికోడ్ తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలు విడివిడిగా, ఒత్తులు ఎక్కడో, గుణింతాలు ఎక్కడో కనిపించేవి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ సెట్టింగ్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్నచోట టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. అప్పుడు గౌతమి ఫాంట్‌లో తెలుగు తెలుగులా వచ్చేది. పది నిమిషాల పని. ఒక్కసారి చేస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా తెలుగు చదువుకోవచ్చు. అందరి కంప్యూటర్‌కు కావలసింది అలాంటి సదుపాయం, నా లెక్కలో.

2001లో ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షన్ వచ్చింది. ఏడోది 2006లో గాని రాలేదు. ఆ ఐదేళ్లు బ్రౌజర్ రూపం మారలేదు, అందుకని చేతులకు బాగా అలవాటైంది. వైరస్‌లకు కూడా అంతే అలవాటైంది. 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0, 2008లో క్రోమ్ వచ్చాక పోటీ పెరిగింది. తనంతట తాను అప్‌డేట్ అయ్యే పద్ధతిని క్రోమ్ మొదటి నుంచీ పాటించింది. 2010లో ఆరు వారాలకో కొత్త వెర్షన్ అన్నారు, 2021లో దాన్ని నాలుగు వారాలకు తగ్గించారు. భద్రత కోసం ఇది మంచిదే, దీన్ని నేను తప్పుపట్టను. కాకపోతే రంధ్రాలు పూడ్చే మరమ్మతు, బటన్లు జరిపే మార్పు ఒకే మూటలో వస్తాయి. మరమ్మతు కావాలంటే మార్పునూ తీసుకోవాల్సిందే.

క్రోమ్‌తో పాటు వచ్చిన ఇన్‌కాగ్నిటో కిటికీ మాలాంటివాళ్లకు నిజంగా పనికొచ్చింది. ఆపిల్ సఫారీలో అలాంటిది 2005లోనే ఉంది. అలాంటి కిటికీలన్నీ మూసేస్తే లాగిన్లు, హిస్టరీ, కొట్టిన వివరాలు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం పోవు. ఈ సంగతి చాలామంది సెంటర్లవాళ్లకే తెలియదు. ఇన్‌కాగ్నిటోలో చేశాం కదా అని ధీమాగా ఉంటారు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే పదుల మంది ఆధార్ పీడీఎఫ్‌లు, మెమోలు, పాస్‌బుక్ మొదటి పేజీలు అక్కడే పడి ఉంటాయి.

2018 సెప్టెంబర్‌లో క్రోమ్ 69తో ఇంకో మలుపు వచ్చింది. ఎవరైనా జీమెయిల్‌లోకి లాగిన్ అయితే బ్రౌజర్ కూడా ఆ పేరు మీదికి మారిపోవడం మొదలైంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కలిసిపోయే సింక్ దానంతట అది మొదలుకాదని గూగుల్ చెప్పింది. అయినా విమర్శలు గట్టిగా వచ్చేసరికి, ఆ జోడింపును ఆపుకునే సెట్టింగ్‌ను అక్టోబర్‌లో క్రోమ్ 70లో పెట్టింది. మెయిల్ ఖాతా వేరు, బ్రౌజర్ వేరు అన్న గీత అప్పుడు చెరిగింది. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఆ గీతతో పనిలేదు, పది మంది కూర్చునే కుర్చీకి ఉన్న కంచె అదే.

నోటిఫికేషన్లదీ ఇదే కథ. సైట్లు డెస్క్‌టాప్ మీదికి సందేశాలు నెట్టే వీలు 2015లో క్రోమ్‌లో వచ్చింది. రిజల్ట్స్ చూసే తొందరలో ఒక పిల్లవాడు, సందేశాలు పంపొచ్చా అని ఏదో సైట్ అడిగితే అలౌ నొక్కుతాడు, ప్రింట్ తీసుకుని పోతాడు. ఆ సైట్ సందేశాలు మాత్రం మాతోనే ఉంటాయి. నెల తర్వాత ఎవరో పెద్దాయన ఫారం నింపుతుంటే కుడివైపు కింద "మీ కంప్యూటర్‌కు వైరస్" అని ఎర్రగా లేస్తుంది, ఆయన భయపడి కుర్చీలోంచి లేస్తాడు. 2020లో ఫైర్‌ఫాక్స్ 72, క్రోమ్ 80 ఈ అడగడాన్ని బాగా తగ్గించాయి. అది మంచి దిద్దుబాటు. పాత అలౌలు మాత్రం దాంతో పోలేదు, ఒక్కొక్కటీ వెతికి తీయాల్సి వచ్చింది.

డౌన్‌లోడ్ పట్టీ కింది నుంచి పైకి పోవడం చిన్న మార్పులా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ డౌన్‌లోడ్లను 2013లోనే పై బటన్‌లో పెట్టింది, క్రోమ్ 2023లో కింది పట్టీ తీసేసి పైమూలకు మార్చింది. పేజీకి చోటు పెరిగింది, నిజమే. మా కౌంటర్ దగ్గర ఆ కింది పట్టీని ఇద్దరు చూసేవాళ్లు: మౌస్ పట్టుకున్నవాడు, కౌంటర్ అవతల నిలబడ్డవాడు. ఫైల్ పేరు పడగానే "వచ్చింది సారూ, వచ్చింది" అని వాళ్లే అనేవాళ్లు. ఇప్పుడు పైన చిన్న బాణం గుర్తు కాసేపు కదిలి ఊరుకుంటుంది. రాలేదేమో అని మా కుర్రాడు మళ్లీ మళ్లీ నొక్కుతాడు. ఒకసారి లెక్కపెడితే ఒకే రసీదు, పేరు చివర ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలతో, ఐదు కాపీలు ఉన్నాయి.

అప్‌డేట్లు ఆపేసుకుంటే అయిపోదా అని తోటి సెంటరాయన అడిగాడు. జనం డబ్బులు కట్టే కంప్యూటర్‌లో ఆ పని చేయొద్దని చెప్పాను. దారి వేరే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ఈఎస్ఆర్ అని ఒక రకం 2012 నుంచి ఉంది. అందులో భద్రత మరమ్మతులు ఎప్పటికప్పుడు వస్తాయి, కొత్త సదుపాయాలు, రూపం మార్పులు దాదాపు ఏడాదికోసారే వస్తాయి. అలాగే ఆటోఫిల్ (పాత వివరాలు తానే నింపడం), పాస్‌వర్డ్ సేవ్ లాంటివి మూలం నుంచే మూసేసే, పాలసీలు అనే సెట్టింగులు క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఉన్నాయి. వాటిని పెద్ద కంపెనీల ఐటీ విభాగాల కోసం తయారుచేశారు. సూచనలన్నీ వాళ్ల భాషలోనే ఉంటాయి. నయీంనగర్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకున్నవాడికి వాటి గురించి చెప్పినవాళ్లు లేరు. బ్రౌజర్‌ను మొదటిసారి తెరిచినప్పుడే "ఈ కంప్యూటర్ మీ ఒక్కరిదా, నలుగురు వాడేదా?" అని తెలుగులో ఒక్క ప్రశ్న అడిగి, జవాబును బట్టి ఇవన్నీ మూసేస్తే ఎంత బాగుండు! నేను కోరేది అంతే.

మా రెండు సిస్టమ్‌లలో ఇప్పుడు ఆటోఫిల్ లేదు. మనిషికో గెస్ట్ కిటికీ (ఏ వివరాలూ దాచుకోనిది) తెరుస్తాం, పని కాగానే మూసేస్తాం. రాత్రి డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాకే షట్టర్ దించుతాం. పరకాల ఆమె కొడుకు ఫారంలో నంబర్ మార్చిన రోజు స్క్రీన్ ఆమెవైపు తిప్పాను. తన ఫోన్ కవర్ వెనక కాగితం మీద రాసి పెట్టుకున్న పది అంకెలను స్క్రీన్ మీది అంకెలతో ఒక్కొక్కటే వేలుపెట్టి సరిచూసుకుంది. "ఆ, ఇగ ఇది నాదే" అన్నది. అప్పుడు సబ్మిట్ నొక్కాం.