కొండ మీద మబ్బు, కొండ కింద మంచు

భాకరాపేట ఘాటు ఎక్కుతుండగా మా అక్క కూతురి చేతిలో ఉన్న చిప్స్ పొట్లం ఉబ్బడం మొదలైంది. తిరుపతిలో కొన్నప్పుడు నొక్కితే లొట్టపడేది. మదనపల్లె చేరేసరికి దిండులా బిగిసింది. హార్స్లీ హిల్స్ ఆఖరి మలుపు దగ్గర వేలితో కొడితే తబలాలా మోగింది.

"మామయ్యా, మూతి విప్పకుండానే దీంట్లోకి గాలి ఎలా వచ్చింది?" అని అడిగింది.

లోపలికి ఏమీ రాలేదు. బయట మన నెత్తిన ఉన్న గాలి బరువు తగ్గింది, అంతే. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె 700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. హార్స్లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. తిరుపతి నుంచి అక్కడికి వెళ్లేసరికి గాలి పీడనం దాదాపు ఎనిమిదో వంతు తగ్గిపోతుంది. పైనుంచి అదిమిపట్టే చెయ్యి సడలితే పొట్లంలోని గాలి ఒళ్లు విరుచుకుంటుంది. కొండ చల్లదనం రహస్యం కూడా ఆ ఒళ్లు విరుచుకోవడంలోనే ఉంది.

పిల్ల రెండో ప్రశ్న ఇంకా పదునైనది. పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం కదా, ఎండ ఎక్కువ కావాలి కదా అని. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఒక్క కిలోమీటరు తగ్గితే సూర్యుడికి తెలియను కూడా తెలియదు. పైగా ఎండ గాలిని నేరుగా వేడి చేసేది తక్కువ. ముందు నేల కాగుతుంది, పెనం మీద చెయ్యి పెట్టినట్టు దాన్ని ఆనుకున్న గాలి కాగుతుంది. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకు అది చాలదు. కొండ మీదా నేల ఉంది, దాని మీదా ఎండ పడుతోంది. మరి ఆ పెనం ఎందుకు కాగదు?

సైకిలు ట్యూబు వాల్వు నొక్కి, బుస్సున వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. వ్యాకోచించే గాలి చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టాలి. ఆ పనికి శక్తి బయట ఎక్కడా అప్పు పుట్టదు, తన వేడిలోంచే ఖర్చు పెట్టుకోవాలి. నేల దగ్గర కాగి పైకి లేచిన గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు ఇలా పోగొట్టుకుంటుంది. అందులోని ఆవిరి నీరుగా మారితే కొంత వేడి తిరిగి జమ అవుతుంది కనుక నష్టం తగ్గుతుంది. మొత్తం మీద సగటు కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. కొండ మీది నేల ఎండకు కాగినా, చుట్టూ ఇలా చల్లబడిన గాలి వీస్తూ ఆ వేడిని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది.

ఈ లెక్క తిరుపతివాళ్ల చర్మానికి ఎప్పుడో తెలుసు. దాదాపు 700 మీటర్లు పైకెక్కి తిరుమలలో బస్సు దిగగానే ఒళ్లు జలదరిస్తుంది. హార్స్లీ హిల్స్‌కు అయితే 1,100 మీటర్ల తేడా, అంటే ఏడు నుంచి పదకొండు డిగ్రీలు. తిరుపతిలో 41 ఉన్న మే మధ్యాహ్నం అక్కడ ముప్పై పైనే ఉంటుంది. ఊటీ అనుకుని మే నెలలో స్వెటర్లు మోసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. మేం వెళ్లింది నవంబరులో, రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా.

మన ఉష్ణమండలంలో సూర్యుడు ఏడాది పొడవునా నడినెత్తికి దరిదాపుల్లోనే తిరుగుతాడు. చల్లదనం కావాలంటే రుతువు కోసం ఎదురుచూడటం కంటే కొండెక్కడం మేలు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఆ పనే చేశాడు. వేసవి విడిదికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఏనుగు మల్లమ్మ కొండకు ఆయన పేరు అతుక్కుపోయింది. పాత పేరే నాకు ఇష్టం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1912లో క్షయ రోగుల శానిటోరియం మొదలైంది. మందులు లేని ఆ కాలంలో మంచి గాలి, విశ్రాంతి, తిండి మాత్రమే వైద్యం. ఇక్కడి టమాటాకూ ఈ ఎత్తు కలిసొచ్చింది. రాత్రి వేడి తగ్గని చోట టమాటా పూత నిలవక రాలిపోతుంది.

సాయంత్రం అయిదు గంటలకు టీ కొట్టు ముందు కూర్చున్నాం. గాలి పీడనం తక్కువ కనుక అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గ్లాసు సగం అయ్యేలోగా ఎదురుగా ఉన్న యూకలిప్టస్ చెట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కళ్లద్దాలు చెమర్చాయి. వాన లేదు, కానీ చెట్ల కింద టపటపమని చినుకులు.

ఆ మధ్యాహ్నం లోయలో గాలి 24 డిగ్రీలు ఉందనుకుందాం. అందులోని ఆవిరి 20 డిగ్రీల దగ్గర నీటిబొట్లుగా మారుతుందనుకుందాం, పాఠ్యపుస్తకాల్లో దీన్నే తుషార స్థానం అంటారు. ఈ రెండింటి తేడాలో ఒక్కో డిగ్రీకి సుమారు 125 మీటర్ల చొప్పున గాలి పైకెక్కితే మబ్బు పుడుతుంది. నాలుగు డిగ్రీలకు 500 మీటర్లు. మదనపల్లె 700కు అది కలిపితే 1,200. మేం కూర్చున్న బల్ల 1,265 దగ్గర! కింది ఊళ్లో వాళ్లు తలెత్తి "కొండకు మబ్బు పట్టింది" అంటుండగా, మేం లోపల కూర్చుని "మంచు పడుతోంది" అంటున్నాం. వస్తువు ఒకటే.

పడుతోంది అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఆ బొట్ల అడ్డుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంతకన్నా తక్కువ. నిలకడ గాలిలో అవి సెకనుకు ఒక సెంటీమీటరు దిగితే గొప్ప. చిన్న గాలి వీచినా పక్కకు కొట్టుకుపోతాయి. యూకలిప్టస్ ఆకులకు తగిలి, ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కాకే కింద పడతాయి. మేం విన్న టపటప అదే.

రాత్రి తొమ్మిదికే నిద్ర ముంచుకొచ్చింది. నిద్రపోయేటప్పుడు ఒంటి లోపలి వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గాలి. తిరుపతిలో నా ఫ్యాను కష్టపడి చేయించే ఆ పనిని ఇక్కడ కిటికీ చేసిపెట్టింది.

తెల్లవారి ఆరింటికి పిల్ల కేకలు వేస్తూ లేపింది. కొండ మీద ఒక్క పొర లేదు, ఆకాశం నీలంగా ఉంది. కింద లోయ మొత్తం పాలు పోసినట్టుంది.

"మామయ్యా, నిన్నటి మబ్బు కింద పడిపోయింది!"

పడలేదు. రాత్రి ఆకాశం తేటపడ్డాక నేల తన వేడిని పైకి వదిలేసింది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల మీదుగా నీళ్లలా జారి లోయలో నిలిచింది. అక్కడే ఆవిరి బొట్లుగా మారింది. నిన్నటిది ఎక్కుతూ చల్లబడిన గాలి, ఇవాళ్టిది ఎక్కడికీ ఎక్కకుండా చల్లబడిన గాలి. ఆ వేళకు కింద కంటే పైనే కాస్త వెచ్చగా ఉండి ఉంటుంది కూడా.

ఎనిమిదిన్నరకు ఆ పాలసముద్రం అంచుల నుంచి ఇంకడం మొదలైంది. ముందు ఒక గుట్ట తేలింది, తర్వాత ఒక చెరువు, ఆ పక్కన ఎర్రటి మట్టిరోడ్డు, దాని మీద పాల క్యాన్లు కట్టుకుని వెళ్తున్న ఒక మోటారుసైకిలు.