సిస్టర్లకు ఓపిక లేదంటారు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను స్టాఫ్ నర్సుని. 14 ఏళ్లుగా మెడికల్ వార్డుల్లోనే డ్యూటీ. మా గురించి రోజూ వినే కొన్ని మాటలకు జవాబు చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

అపోహ: "ఆ సిస్టరమ్మకి ఓపిక లేదు, పిలిచినా పలకదు."

వాస్తవం: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. మొన్న నైట్ డ్యూటీలో నేలమీద పడుకున్నవాళ్లతో కలిపి నాకు 40 మంది. ఒకరికి సలైన్ అయిపోయి రక్తం పైపులోకి ఎక్కుతోంది, ఇంకొకాయనకు ఆయాసం, అదే టైంలో "సిస్టర్, దుప్పటి" అని ఎవరో పిలిస్తే వినపడుతుంది కానీ కాళ్లు ఆయాసం వైపే పరుగెడతాయి. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఎయికెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సుకు బర్నవుట్ (పని ఒత్తిడితో మనసూ ఒళ్లూ పూర్తిగా అలసిపోవడం) వచ్చే అవకాశం 23 శాతం ఎక్కువని తేలింది. ఒక్క పేషెంటుకే అంత తేడా!

అపోహ: జీతం పెంచితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: జీతం కావాలి, కాంట్రాక్టు మీద ఏళ్లకేళ్లు చేస్తున్నవాళ్లకి మరీ కావాలి. కానీ మనసు విరిగేది వేరే చోట. ఒక ముసలమ్మ చేతి మీద చర్మం ఉల్లిపొరలా ఉంది, సూది తగిలితే నరం పక్కకి జారిపోతోంది. పసుపు రంగు సన్న క్యాన్యులా (సలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) కావాలి, స్టోర్‌కి ఇండెంట్ రాసి పెట్టి వారమైనా రాలేదు, ఉన్నది అంతకంటే లావైన గులాబీ రంగుదే. రెండుసార్లు తప్పింది. "పర్లేదులేమ్మా" అని ఆవిడే నన్ను ఓదార్చింది. పని బాగా వచ్చి కూడా చేతులు కట్టేసినట్టుండడం కంటే బాధ ఇంకోటి లేదు, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అపోహ: అనుభవం ఉంటే చాలు, ట్రైనింగ్ దండగ.

వాస్తవం: సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) నేర్చుకున్నా సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే చేతికి పట్టు తప్పుతుంది. సీనియర్లకీ అంతే. మా జూనియర్ ఒకమ్మాయి ఎమర్జెన్సీ అంటే వణికిపోయేది, బొమ్మ మీద పదే పదే చేయించాక ఇప్పుడు తనే ముందు మంచం దగ్గరకి వెళ్తోంది.

అపోహ: పొరపాటున ఒక మందుకి బదులు ఇంకో మందు ఇచ్చారంటే నిర్లక్ష్యమే.

వాస్తవం: ఒక్కోసారి నిర్లక్ష్యమే, కాదనను. చాలాసార్లు మాత్రం మందు తీస్తుండగా ఎవరో పిలవడం వల్ల లెక్క తప్పుతుంది. మందుల ట్రాలీ దగ్గర మేం ఉన్నప్పుడు, ప్రాణం మీదికొస్తే తప్ప, ఐదు నిమిషాలు ఆగి అడగండి.