ఐదేళ్ల మాట, పదిహేనేళ్ల లెక్క

బ్రిటన్ పీఆర్ (స్థిరనివాస హక్కు) గొడవ ఎప్పుడు మొదలైందని భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు పిల్లల్ని పంపిన ఇళ్లలో అడిగితే 2025 మే 12 అంటారు. స్థిరనివాసానికి ఐదేళ్లు చాలవు, పదేళ్లు కావాలంటూ అక్కడి ప్రభుత్వం శ్వేతపత్రం వెలువరించిన రోజది. నవంబరు 20న వచ్చిన చర్చాపత్రం ఇంకా ముందుకు వెళ్లింది. డిగ్రీ స్థాయికి దిగువనున్న ఉద్యోగాలకు, అంటే ముఖ్యంగా కేర్ హోముల్లో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండేవారికి, పదిహేనేళ్లు. కొత్తగా వెళ్లేవారికే కాదు, ఇప్పటికే మూడు నాలుగేళ్లు పూర్తిచేసినవారికీ అదే లెక్క అన్నారు. తగవంతా ఈ చివరి మాట దగ్గరే.

నా లెక్కలో దీని అసలు తేదీ 2006 ఏప్రిల్ 3. కోనసీమ మహిళల కువైట్ ప్రయాణాలు, కాకినాడ రంగరాయ కళాశాల డాక్టర్ల లండన్ దారి అందరికీ తెలిసిన కథలే, వాటి జోలికి పోను. ఒక్క తేడా చెప్పుకుంటే చాలు. గల్ఫ్‌కు వెళ్లినవారికి ఎప్పటికైనా వెనక్కి రావాల్సిందేనని ముందే తెలుసు. బ్రిటన్ మాత్రం ఉండిపోవచ్చని చెప్పి పిలిచింది.

అలా పిలిచిన పథకం హెచ్‌ఎస్‌ఎంపీ, అంటే అధిక నైపుణ్యం ఉన్న వలసదారుల పథకం. 2002 జనవరిలో మొదలైంది. ఉద్యోగం చేతిలో లేకపోయినా చదువుకు, అనుభవానికి, సంపాదనకు పాయింట్లు కట్టి రానిచ్చేవారు. దరఖాస్తుదారు బ్రిటన్‌నే తన ప్రధాన నివాసం చేసుకుంటానని రాసివ్వాలి. అంటే ఇక్కడి కొలువు వదులుకుని, కాపురం ఎత్తేసి వెళ్లాలన్నమాట. బదులుగా హోం శాఖ కూడా ఒక మాట రాసిచ్చింది. నాలుగేళ్లు ఉంటే స్థిరనివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు, పథకం తరువాత మారినా ముందే వచ్చినవారికి ఆ దారి ఉంటుంది అని మార్గదర్శకాల్లోనే పెట్టింది.

2006 ఏప్రిల్ 3న ఆ నాలుగు ఐదయింది. నవంబరులో పాయింట్ల పద్ధతే మారిపోయింది. అనుభవానికి విలువ పోయి వయసు, డిగ్రీ, ఇటీవలి జీతం ముందుకొచ్చాయి. వీసా పొడిగింపుకు వెళ్లినవారిలో చాలామంది కొత్త లెక్కలో తేలలేకపోయారు. నరసాపురం రేవులో టికెట్టు కొని పంటు ఎక్కిన మనిషిని నడిగోదావరిలో ఆపి, ఛార్జీ పెరిగింది, లేకపోతే దిగిపొమ్మన్నట్టయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అనే సామెత ఉన్న నేల మీద పుట్టినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

బాధితులు హెచ్‌ఎస్‌ఎంపీ ఫోరం పేరుతో లండన్ హైకోర్టుకు వెళ్లారు. అప్పటికే వచ్చినవారి మీద కొత్త పాయింట్లు రుద్దడం చెల్లదని 2008 ఏప్రిల్ 8న సర్ జార్జి న్యూమన్ తీర్పిచ్చారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జస్టిస్ కాక్స్ నాలుగేళ్ల మాటనూ నిలబెట్టారు. ఈ రెండు తీర్పులనూ ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిప్పుతున్నారు. వాటిలోని మెలిక మాత్రం ఎవరూ చెప్పడం లేదు. గెలుపుకు ఆధారం ప్రభుత్వం స్వయంగా రాసిచ్చిన మాట. అది లేని మామూలు వర్క్ పర్మిట్ వారికి ఆ 2006 ఏప్రిల్‌లోనే నాలుగు ఐదయితే ఆ తీర్పు అక్కరకు రాలేదు. పైగా 2009 మే నెలలో, ఒడెలోలా అనే వైద్యురాలి కేసులో, అర్జీ పెట్టిన నాటి నిబంధన కాదు, నిర్ణయం వెలువడే నాటి నిబంధనే వర్తిస్తుందని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తేల్చేసింది.

ఇక 2022 ఫిబ్రవరి 15. కరోనా తరువాత వృద్ధుల సేవకు మనుషులు దొరకక కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచిన రోజు. వీరికి ఐదేళ్లకు పీఆర్ అన్నది అప్పటి నిబంధన. నిబంధన మారినా మీకు మారదన్న హామీ ఎక్కడా లేదు. ఆ హామీ ఇచ్చింది ఏజెంట్లు. యజమాని ఇవ్వాల్సిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు పేరిట లక్షలు గుంజుకున్నదీ కొందరు ఏజెంట్లే. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు భార్యాభర్తలనూ పిల్లలనూ వెంట తెచ్చుకునే వీలు పోయింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడమే ఆపేశారు. విదేశీయులను పనిలో పెట్టుకునేందుకు యజమానికున్న లైసెన్సు రద్దయితే 60 రోజుల్లో మరో స్పాన్సరును వెతుక్కోవాలి. ఐదేళ్లపాటు ఈ దిగులు మోయడం ఒక ఎత్తు, పదిహేనేళ్లు మోయడం మరో ఎత్తు. ఏ 12 నెలల్లోనూ 180 రోజులు మించి దేశం బయట ఉండకూడదన్న షరతు కూడా అన్నేళ్లూ వెంట ఉంటుంది. ఊళ్లో తల్లి మంచాన పడితే కూతురు ముందు రోజులు లెక్కపెట్టుకోవాలి.

ప్రభుత్వం చెప్పేదీ ఉంది. 2026 నుంచి 2030 లోపు 16 లక్షల మందికి స్థిరనివాసం దక్కే అంచనా ఉందని, అది హక్కు కాదు, సంపాదించుకోవలసినదని హోం మంత్రి షబానా మహమూద్ వాదన. ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లకు, నర్సులకు ఐదేళ్లే ఉంచుతామన్నారు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్లలో నర్సుకు ఐదు, కేర్ హోములో చేసే ఆమెకు పదిహేను.

ఇప్పటికే ఉన్నవారికి కొత్త లెక్క నుంచి మినహాయింపు ఇవ్వాలా అన్న ప్రశ్న చర్చాపత్రంలోనే ఉంది. దానిపై అభిప్రాయాలకు గడువు 2026 ఫిబ్రవరి 12. తలుపు తెరిచిన కొత్తలో వెళ్లిన కేర్ వర్కర్లకు ఐదేళ్లు నిండడం మొదలయ్యేది 2027 ఫిబ్రవరిలో.