బడిలో కూరమడి: అపోహలు - వాస్తవాలు

ప్రైమరీ స్కూల్లో పాఠాలతో పాటు కూరమడులు కూడా చూసుకునే టీచర్ని. స్టాఫ్‌రూమ్‌లోనూ తల్లిదండ్రుల మీటింగుల్లోనూ తరచూ వినబడే మాటలు, వాటికి నా జవాబులు.

అపోహ: తోట వేస్తే మధ్యాహ్న భోజనానికి కూరగాయలు కొనక్కర్లేదు.

వాస్తవం: లెక్క వేయండి. ప్రైమరీ పిల్లలకు తలా 50 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది నిబంధన. 60 మంది ఉంటే రోజుకు 3 కిలోలు. నాలుగు చిన్న మడుల్లోంచి వారానికి ఒక పూట పప్పులోకి ఆకుకూర వస్తే గొప్పే. కాకపోతే ఆ పూట "ఇది మా మడిలోది" అంటూ పక్కవాడికి చూపించి మరీ తింటారు. నాకు అది చాలు.

అపోహ: చిన్నపిల్లలు మొక్కల్ని బతకనివ్వరు.

వాస్తవం: ఒకటో తరగతి పిల్లలు గింజ వేసిన మర్నాడే మట్టి తవ్వి చూస్తారు. లోపల ఏమవుతోందోనని ఆత్రం. తిట్టకండి. గాజుగ్లాసు లోపల తడి కాగితం చుట్టి, కాగితానికీ గాజుకీ మధ్య నాలుగు పెసలు జారవిడవండి. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేరు కిందికి దిగుతుంది. గ్లాసును పక్కకు పడుకోబెడితే, మర్నాటికి వేరు కొస మళ్లీ నేలవైపే వంగి ఉంటుంది. ఇది చూశాక మడిని తవ్వడం చాలావరకు మానేస్తారు.

నీళ్ల సంగతీ అంతే. చెంబుతో గుమ్మరిస్తే తోటకూర విత్తనాలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. మూతకు వేడి మేకుతో చిల్లులు పెట్టిన (ఆ పని పెద్దవాళ్లదే) నీళ్లసీసా ఇవ్వండి. విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లించండి. మొదటి పంటగా వంకాయ, టమాటా వద్దు. నారు, తెగుళ్లు, నెలల తరబడి ఎదురుచూపులు. మెంతికూర మూడు వారాలకే, తోటకూర దాదాపు నెలకు కోతకొస్తాయి. ఐదేళ్ల పిల్లల ఓపిక అంతవరకే.

అపోహ: మా బడికి స్థలం లేదు.

వాస్తవం: పాత బియ్యం సంచిలో మట్టి నింపి బచ్చలి తీగముక్క గుచ్చినా బతుకుతుంది. కావాల్సింది ఎండ. అది తగలని చోట ఎకరం ఉన్నా దండగే.

అపోహ: మందులు కొట్టకపోతే ఇక భయమే లేదు.

వాస్తవం: పచ్చిపేడ ఆకుకూరల మడిలో వేయకండి, బాగా చివికిన ఎరువే వాడండి. మడి దగ్గర్నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించాలి, వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు కదా. అసలు ప్రమాదం చాలా బడుల్లో కాంపౌండ్ గోడ పక్కనే ఉంటుంది. అందానికి పెంచే గన్నేరు, పచ్చగన్నేరు రెండూ విషమే. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా. ముందు వాటిని తీసేయించండి.

అపోహ: తోట పేరుతో పిల్లలతో కూలిపని చేయిస్తున్నారు.

వాస్తవం: ఈ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. నీళ్లు మోయడం ఎప్పుడూ ఆడపిల్లలకే, చీపురు ఎప్పుడూ ఫలానా వాడల పిల్లలకే వస్తుంటే తల్లిదండ్రులు నిలదీయాల్సిందే. వంతుల పట్టిక గోడకు అంటించండి. తోటపనిని శిక్షగా వేయకండి.

అపోహ: వేసవి సెలవులతో అంతా ఎండిపోతుంది.

వాస్తవం: ఎండనివ్వండి. ఫిబ్రవరి తర్వాత కొత్తగా ఏమీ విత్తకుండా, నాలుగు తోటకూర మొక్కల్ని కోయకుండా వెన్ను వేయనివ్వాలి. వెన్నులు ఎండాక పిల్లలు అరచేతుల్లో నలిపి, ఊదితే నల్లటి విత్తనం మిగులుతుంది. పొడి సీసాలో పోసి, పేరూ నెలా రాసి బీరువాలో పెట్టండి. జూన్‌లో బడి తెరిచి వాన పడగానే విత్తుకోవచ్చు.