అలంకార గడ్డి పెడితే పనే ఉండదా? అపోహలు - వాస్తవాలు

నల్గొండ చుట్టుపక్కల ఇళ్లకు, తోటలకు మొక్కలు వేసే పని నాది. ఈ మధ్య ఎవరింటికి వెళ్లినా ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "అన్నా, ఇట్లాంటి గడ్డి దుబ్బులు పెట్టు, పెట్టినంక మళ్లీ మాకు పని ఉండొద్దు" అంటున్నారు. ఆలోచన మంచిదే, మన ఎర్ర చెలకకు, మన ఎండలకు గడ్డి జాతులు బాగా నప్పుతాయి. కాకపోతే మొదటి ఏడాది చేసే పని మీదే తర్వాతి ఏళ్ల సుఖం ఆధారపడి ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు తక్కువ.

అపోహ: గడ్డికి నీళ్లెందుకు, రోడ్డు పక్కన దానంతటదే పెరగట్లేదా?

రోడ్డు పక్క గడ్డి విత్తనం పడ్డ చోటే మొలిచి, అక్కడే వేరు దించుకుంది. మీరు తెచ్చేది కవర్లో పెరిగిన మొక్క. వట్టివేరు బాగా కుదురుకుంటే వేళ్లు మూడు మీటర్ల లోతుకు పోతాయి, కానీ అందుకు టైమ్ ఇవ్వాలి. మహబూబ్‌నగర్ దగ్గర ఒక తోటలో ఓనర్ తొందరపెడితే ఏప్రిల్‌లో వట్టివేరు పెట్టాను, వద్దని గట్టిగా చెప్పాల్సింది నేనే. మే నెలలో ఎండిన దుబ్బు ఒకటి పట్టి లాగితే కవరు ఆకారంలోనే మట్టి ముద్ద చేతికొచ్చింది, ఒక్క వేరు కూడా పక్కనున్న మొరంలోకి దిగలేదు. అది చూసి చాలా బాధేసింది. అందుకే మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాకే పెట్టండి, మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండుసార్లు పాదు నిండా పోయండి. రోజూ పైపైన చల్లితే వేరు కిందికి దిగదు.

అపోహ: ఆకు చివర్లు మాడుతున్నాయంటే నీళ్లు చాలట్లేదు.

మన దగ్గర చాలాసార్లు దీనికి కారణం నీళ్ల కొరత కాదు, ఆ నీళ్లలో కలిసి ఉన్నది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంటే ఏంటో నల్గొండ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గడ్డి అనుకుని చాలామంది కొనే స్పైడర్ ప్లాంట్ అసలు గడ్డే కాదు, పైగా ఫ్లోరైడ్‌ను అస్సలు తట్టుకోదు, చివర్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇంకా బోరు నీళ్లే ఎక్కువ పోస్తే ఇంకా మాడుతుంది. కుండీలో ఒకటీ రెండూ ఉంటే వాన నీళ్లు పట్టి పోసుకోండి. పెరడంతా పెట్టాలంటే వట్టివేరు నమ్మకమైనది, కొంచెం ఉప్పు నీళ్లకు కూడా నిలబడుతుంది. వంటింటి వెనక నిమ్మగడ్డి రెండు దుబ్బులు చాలు, చాయ్‌కి కూడా పనికొస్తుంది.

యూరియా వేస్తే గుబురుగా వస్తుందనేది కూడా తప్పే. ఆకు మెత్తగా పొడుగ్గా పెరిగి, గాలివానకు పడిపోతుంది. నాటేటప్పుడు గుంటలో చివికిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది.

పాముల మాట అందరూ అడుగుతారు. పాము గడ్డి కోసం రాదు, ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది. అయితే దట్టమైన దుబ్బులో దాక్కుంటుందన్నది నిజం, పిల్లలున్న ఇంట్లో ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గుమ్మానికి ఆరేడు అడుగుల దూరంలో పెట్టండి, దుబ్బు అడుగున ఎండాకు పేరనివ్వకండి, పక్కన ఇటుకల కుప్ప ఉంచకండి.

పంపాస్ గడ్డి ఫొటోలో అందంగా ఉంటుంది కానీ ఆకు అంచు రంపంలా కోస్తుంది, నడిచే దారి పక్కన వద్దే వద్దు. ఫౌంటెన్ గడ్డి కావాలంటే ఊదా రంగుది అడగండి, అది విత్తనం దాదాపు కట్టదు. పచ్చది మాత్రం గాలికి విత్తనం చల్లుకుంటూ పోతుంది, హవాయి దీవుల్లో అది పెద్ద కలుపైంది. ఊదాది నీడలో పెడితే రంగు పోతుంది, ఎండ పడే చోటే పెట్టాలి. దసరాకు వాగు ఒడ్డున తెల్లగా ఊగే రెల్లు చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకోకండి, భూమి లోపల్నుంచి పాకి పెరడంతా ఆక్రమిస్తుంది.

ఇక కుదురుకున్న దుబ్బులకు ఏడాదికి ఒక్కసారి కోత, అదీ తొలకరికి ముందు. సుతిలి తాడుతో దుబ్బు నడుముకు గట్టిగా కట్టి, నేల నుంచి జానెడు వదిలి కొడవలితో కోయండి. మోపు మోపులాగే చేతికొస్తుంది, వాకిలంతా చెత్త పడదు. ఆ ఎండాకును పారేయకుండా పక్క మొక్కల పాదుల్లో పరచండి.