లూప్‌బ్యాక్ పాసైందా? క్లాక్ సంగతి ఇంకా తేలలేదు

ఆడియో కోడెక్ చిప్పులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: లూప్‌బ్యాక్‌లో, అంటే చిప్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి చూసే పరీక్షలో, 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపితే 1 కిలోహెర్ట్జే తిరిగొచ్చింది, కాబట్టి క్లాక్ సరిగ్గానే ఉంది.

వాస్తవం: కొత్త బోర్డు పరీక్షలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. చిప్‌లోని డీఏసీ (డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే కన్వర్టర్), ఏడీసీ (అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చేది) రెండూ ఒకే ఎంక్లాక్ (చిప్‌కి అందే ప్రధాన క్లాక్) మీద నడుస్తాయి. కోడెక్ మాస్టర్‌గా ఉండి (అంటే డేటా క్లాక్‌లను అదే ఇస్తూ), 48 కిలోహెర్ట్జ్‌కి 256 రెట్లు, అంటే 12.288 మెగాహెర్ట్జ్ అందాల్సిన చోట 12 మెగాహెర్ట్జ్ అందుతోందనుకోండి. శాంపిల్ రేటు 46.875 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. హెడ్‌ఫోన్ పిన్ మీద నిజంగా వచ్చేది 976.56 హెర్ట్జ్. ఏడీసీ కూడా అంతే నెమ్మదిగా శాంపిల్ చేస్తుంది కనుక రికార్డయిన ఫైల్‌లో మళ్లీ 1000 కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు పడిన తప్పు వచ్చేటప్పుడు చెరిగిపోతుంది.

దీన్ని పట్టుకోవాలంటే బోర్డు బయటి గడియారం కావాలి. ఎల్‌ఆర్‌క్లాక్ (శాంపిల్ రేటుతో నడిచే క్లాక్) పిన్ మీద స్కోప్ గానీ ఫ్రీక్వెన్సీ కౌంటర్ గానీ పెట్టి 48.000 కిలోహెర్ట్జ్ వస్తోందో లేదో చూడండి. రెండూ లేకపోతే 60 సెకన్ల ఫైల్ ప్లే చేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. పై ఉదాహరణలో అది 61.44 సెకన్లకు గానీ అయిపోదు. పదుల పీపీఎంలలో (పది లక్షల్లో ఒక వంతు ఒక పీపీఎం) ఉండే తేడాకు మాత్రం ఇది చాలదు, కౌంటరే దిక్కు.

అపోహ: ఐ2సీలో (చిప్ సెట్టింగులు రాసే, చదివే రెండు తీగల బస్) చిప్ పలకట్లేదంటే అడ్రస్ తప్పు, లేదా సోల్డరింగ్ తప్పు.

వాస్తవం: ఎస్‌జీటీఎల్5000 అనే కోడెక్‌కి ఎంక్లాక్ అందకపోతే ఐ2సీకి జవాబే రాదు. ముందు ఎంక్లాక్ ఆన్ చేయండి, ఆ తర్వాతే చిప్ ఐడీ చదవండి. హాట్ ఎయిర్ గన్ తీయడం ఆ పైన.

అపోహ: కోడెక్, ప్రాసెసర్‌లలో ఎవరు మాస్టరైనా ఒకటే.

వాస్తవం: రాస్‌బెర్రీ పై 40 పిన్ల హెడర్‌లో ఐ2ఎస్‌కి (ఆడియో డేటా నడిచే బస్) ఎంక్లాక్ పిన్ లేదు. అందుకే డబ్ల్యూఎం8960 లాంటి కోడెక్ చిప్ ఉన్న బోర్డులకు సొంతంగా 24 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ పెడతారు. చిప్‌లోని పీఎల్‌ఎల్ (ఒక క్లాక్ నుంచి ఇంకో ఫ్రీక్వెన్సీని తయారుచేసే సర్క్యూట్) దాన్ని రెండుతో భాగించి, 8.192తో హెచ్చించి 98.304 చేస్తుంది. మళ్లీ ఎనిమిదితో భాగిస్తే 12.288. ఇలాంటి బోర్డులో రాస్‌బెర్రీ పైని మాస్టర్ చేస్తే బీక్లాక్ (డేటా బిట్లను నడిపే క్లాక్) ఒక క్రిస్టల్‌ది, ఎంక్లాక్ ఇంకో క్రిస్టల్‌ది అవుతుంది. వాటి మధ్య 50 పీపీఎం తేడా ఉన్నా సెకనుకు 2.4 శాంపిళ్లు మిగులో తగులో పడతాయి, మధ్యమధ్య టిక్కుమనే చప్పుళ్లు వస్తాయి. కోడెక్‌నే మాస్టర్ చేయండి.

అపోహ: శబ్దం వినిపించింది, అంటే కన్వర్టర్లు బాగున్నాయి.

వాస్తవం: ఏ దారిన వచ్చిందో చూడాలి. అనలాగ్ బైపాస్‌లో లైన్ ఇన్ నేరుగా అవుట్‌పుట్ మిక్సర్‌కి పోతుంది, కన్వర్టర్లను తాకదు. ఎంక్లాక్ ఆపాక కూడా శబ్దం వస్తుంటే అది బైపాసే. డబ్ల్యూఎం8960లో 9వ రిజిస్టర్ 0వ బిట్ ఏడీసీ డేటాను లోపలే డీఏసీకి ఇస్తుంది, కాబట్టి కన్వర్టర్లు పరీక్షకు వస్తాయి గానీ డేటా పిన్‌లు రావు. ప్రాసెసర్ వైపు డేటా అవుట్, డేటా ఇన్ పిన్‌లను జంపర్‌తో కలిపితే తేలేది ప్రాసెసర్ సంగతే. ఐ2ఎస్ బదులు లెఫ్ట్ జస్టిఫైడ్ అనే వేరే డేటా ఫార్మాట్ పెట్టినా అది పాసవుతుంది. ఇక లైనక్స్‌లోని ఎస్‌ఎన్‌డీ-ఎలూప్ అనే లూప్‌బ్యాక్ డ్రైవర్ పూర్తిగా సాఫ్ట్‌వేర్, దానికి చిప్‌తో పనే లేదు.